క్రిస్మస్ తాత ఒక్క రాత్రిలో అన్ని ఇళ్లూ ఎలా తిరుగుతాడు? మా బడి పిల్లలు వేసిన లెక్క

ఫోన్‌లో శాంటా బండి ఎక్కడ ఎగురుతోందో చూపించే మ్యాప్ చూసి, ఆరో తరగతి చదివే మీ బాబు "ఒక్క రాత్రిలో లోకంలోని ఇళ్లన్నీ ఎట్ల తిరుగుతడు, లెక్క చెప్పు" అని పట్టుకున్నాడని రాశారు. మహబూబ్‌నగర్‌లో ఉంటామని, ఏం చెప్పాలో తోచడం లేదని అన్నారు. నేను నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. ఏటా డిసెంబర్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఇదే లెక్క వేయిస్తాను. కాబట్టి మీకు నా మొదటి మాట: "అదంతా కథ నాన్నా" అని తోసేయకండి. గుణకారం, భాగహారం వస్తే సగం లెక్క వాడే వేసేస్తాడు. మిగతా సగానికి మీరు పక్కన కూర్చుంటే చాలు.

ఆ మ్యాప్ సంగతి ముందు. అమెరికా, కెనడా కలిసి నడిపే నోరాడ్ అనే గగనతల రక్షణ సంస్థ ప్రతి క్రిస్మస్‌కూ దాన్ని నడుపుతుంది. 1955లో ఒక చిన్న పిల్లాడో పాపో శాంటా కోసం చేసిన ఫోన్ పొరపాటున అక్కడి సైనిక కేంద్రానికి వెళ్లడంతో ఈ ఆనవాయితీ మొదలైందని చెబుతారు. అది పిల్లల కోసం ఎంతో ప్రేమగా చేసే పని. బండి వేగాన్ని మాత్రం ఆ మ్యాప్ చూపించేదాన్ని బట్టి కాకుండా మనమే లెక్క కడదాం.

లెక్కకు ముందు నోట్‌బుక్‌లో "మనం అనుకున్నవి" అని ఒక శీర్షిక పెట్టించండి. మా క్లాసులో ఇక్కడే పెద్ద చర్చ జరుగుతుంది. "క్రిస్టియన్ల ఇళ్లకేనా టీచర్, మా ఇంటికి రాడా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. పిల్లలంతా కలిసి అందరికీ ఇవ్వాల్సిందే అని తేలుస్తారు, నాకూ అదే ఇష్టం. ప్రపంచంలో 15 ఏళ్లలోపు పిల్లలు సుమారు 200 కోట్ల మంది. ఇంటికి ఇద్దరు అనుకుంటే 100 కోట్ల ఇళ్లు. పిల్లలు రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున అయిదుకు లేస్తారనుకుందాం. ఇవి మనం పెట్టుకున్న అంకెలు. వేరే అంకెలు పెడితే జవాబు మారుతుంది, కానీ చివరికి తేలే విషయం మారదు. అది మీ బాబే మార్చి చూసుకోవచ్చు.

ఎనిమిది గంటలే కదా ఉన్నాయి అనిపిస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఇంకా చాలా ఉన్నాయి. తూర్పున మొదలుపెట్టి పడమరకు పోతే రాత్రి తాత వెంటే వస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలో కిరిబాటి దేశానికి చెందిన క్రిస్మస్ దీవి ఉంది, నిజంగానే దాని పేరు అదే. అక్కడి గడియారం గ్రీనిచ్ కన్నా 14 గంటలు ముందుంటుంది. డిసెంబర్ 25 అందరికన్నా ముందు వచ్చే చోట్లలో అదొకటి. అదే సముద్రంలో ఉన్న అమెరికన్ సమోవాలో గడియారం గ్రీనిచ్‌కు 11 గంటలు వెనక. మధ్యలో తేడా 25 గంటలు. క్రిస్మస్ దీవిలో రాత్రి తొమ్మిదికి బయలుదేరి అమెరికన్ సమోవాలో తెల్లవారి అయిదుకు ముగిస్తే ఆయన చేతిలో 33 గంటలు ఉంటాయి. సెకన్లలో 1,18,800.

ఈ పడమర సంగతి దగ్గర కొంచెంసేపు ఆగండి, పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. ఎవరైనా అదే వేగంతో పడమరకు ఎగిరితే వాళ్లకు అర్ధరాత్రి దాటదు, ఎంతసేపు ఎగిరినా అర్ధరాత్రే. ధ్వని వేగం కన్నా కొంచెం ఎక్కువ వేగమది. కాంకార్డ్ విమానం అంతకన్నా వేగంగా ఎగిరేది కాబట్టే లండన్‌లో ఎక్కినవాళ్లు న్యూయార్క్‌లో దిగేటప్పటికి అక్కడి గడియారం వాళ్లు బయలుదేరిన టైమ్ కన్నా వెనక ఉండేది. ఉత్తరానికి పోయే కొద్దీ ఈ వేగం తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర గంటకు 835 కిలోమీటర్లు, మామూలు ప్రయాణికుల విమానం అందుకునేదే.

పడమరకు పోయే కొద్దీ పొద్దు ఆలస్యమవుతుందని మీ బాబుకు నమ్మకం కుదరాలంటే ఒక మీటరు కర్ర చాలు. మన దేశ సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది. నల్లగొండ దానికి పడమరగా ఉంది కాబట్టి క్రిస్మస్ రోజుల్లో ఇక్కడ సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చేది 12 గంటలకు కాదు, 12:13కి. మీ పాలమూరులో ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యంగా, 12:18కి. మా బడి గ్రౌండులో కర్ర పాతి, పావు తక్కువ పన్నెండు నుంచి నీడ కొస దగ్గర గులకరాళ్లు పెడుతూ పోతాం. పన్నెండు గంటలకు "అయిపోయింది టీచర్" అని కొందరు లేవబోతారు, కానీ నీడ ఇంకా తగ్గుతూనే ఉంటుంది. 13 నిమిషాలు దాటాక రాళ్లు మళ్లీ దూరం జరగడం చూసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! మీ దగ్గర మీటరు కర్ర నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు సుమారు 84 సెంటీమీటర్లు ఉంటుంది. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోండి.

ఇక దూరం. ఊళ్లో ఇల్లు ఇల్లూ ఆనుకుని ఉంటుంది, ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్లుంటాయి. దేవరకొండ వైపు తండాలైతే ఇంకా దూరం దూరం. అన్నీ కలిపి సగటున ఇంటికీ ఇంటికీ 200 మీటర్లు అనుకుంటే, 100 కోట్ల ఇళ్లకు 20 కోట్ల కిలోమీటర్లు. భూమి నుంచి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్లే. దీన్ని 1,18,800తో భాగిస్తే సెకనుకు దాదాపు 1,700 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాద్ సెకనులో పదిహేడో వంతు కన్నా ముందే.

ఇంత వేగంతో మనిషి చేసిన వస్తువు ఏదైనా పోయిందా అని పిల్లలు అడుగుతారు. అన్నిటికన్నా వేగంగా పోయింది నాసా వారి పార్కర్ సోలార్ ప్రోబ్ అనే అంతరిక్ష నౌక. 2024 డిసెంబర్ 24న, సరిగ్గా క్రిస్మస్ ముందు రోజున, సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గర నుంచి సెకనుకు 192 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. అది కూడా సూర్యుడి ఆకర్షణ లాగితే వచ్చిన వేగం. తాత బండికి దానికి తొమ్మిది రెట్లు కావాలి.

పదో తరగతిలో యూట్యూబ్ బాగా చూసే పిల్లలు ఉంటారు. "ఐన్‌స్టీన్ చెప్పినట్టు వేగంగా పోతే టైమ్ నిదానం అయితది కద టీచర్, ఆయనకు బోలెడు టైమ్ దొరుకుతది" అంటారు. మంచి ప్రశ్న. అయితే బండిలో గడియారం నిదానమైతే, తాతకు దొరికే సమయం తగ్గుతుంది తప్ప పెరగదు. ఎంత తగ్గుతుందో కూడా లెక్క కట్టొచ్చు. సెకనుకు 1,700 కిలోమీటర్లంటే కాంతి వేగంలో రెండొందలో వంతు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఆ వేగానికి మొత్తం 33 గంటల్లో వచ్చే తేడా రెండు సెకన్ల లోపే. ఐన్‌స్టీన్ వల్ల ఈ లెక్కలో లాభమూ లేదు, నష్టమూ లేదు.

అసలు కష్టం ఇప్పుడు వస్తుంది. ఇంతవరకూ బండి ఎక్కడా ఆగలేదు. ఎగరడం మీదే అందరి ధ్యాస ఉంటుంది గానీ, ఈ లెక్క దెబ్బతినేది ఆగడం దగ్గరే. ఒక అమ్మాయి బోర్డు మీద వేసి చూపించిన లెక్క మీ బాబుకు కూడా చూపించండి. బండికి ఎంత వేగమైనా ఇచ్చేయండి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడానికి సమయమే పట్టదనుకోండి. ఒక్కో ఇంట్లో ఒక్క సెకను ఆగాడనుకోండి. 100 కోట్ల సెకన్లు. రోజుల్లోకి, ఏళ్లలోకి మార్చండి: 31 సంవత్సరాల 8 నెలలు! మొదటి ఇంట్లో తొట్టెలో ఉన్న పాప, చివరి ఇంటికి తాత చేరేసరికి తన పిల్లల్ని బడికి పంపుతూ ఉంటుంది. ఆ లెక్క చూశాక క్లాసులో ఎవరూ రెయిన్‌డీర్ల వేగం గురించి మాట్లాడలేదు.

33 గంటల్లోనే ముగించాలంటే ఒక్కో ఇంటికి దొరికేది సెకనులో 8,400వ వంతు. ఆ కాసేపట్లో బయలుదేరాలి, 200 మీటర్లు పోవాలి, ఆగాలి. సగం దూరం వేగం పెంచుకుంటూ, సగం దూరం తగ్గించుకుంటూ పోయాడనుకుంటే కావలసిన త్వరణం భూమి ఆకర్షణకు సుమారు 580 కోట్ల రెట్లు వస్తుంది. యుద్ధ విమానాల పైలట్లు ప్రత్యేకమైన సూటు వేసుకుని, శిక్షణ తీసుకుని కూడా 9 రెట్ల దగ్గర తట్టుకుంటారు. తాత బరువు నూరు కిలోలనుకుంటే ఆయన మీద పడే బలం 58,000 కోట్ల కిలోల బరువుతో సమానం. పిల్లలకు ఈ అంకె ఎక్కదు. అందుకని టీఎంసీల్లోకి మారుస్తాను. ఒక టీఎంసీ నీళ్ల బరువు సుమారు 2,830 కోట్ల కిలోలు. అంటే ప్రతి ఇంటి దగ్గరా ఆయన మీద 20 టీఎంసీల నీళ్లు ఎత్తి పెట్టినట్టు. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలున్న ఇళ్ల పిల్లలకు 20 టీఎంసీలంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో రోజూ వినే మాటే.

గాలి సంగతి ఒకటి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు కూడా "గాలి రాపిడికి కాలిపోతాడు" అనేస్తారు. రాపిడి చేసేది కొంతే. ముందున్న గాలికి పక్కకు తప్పుకునే టైమ్ ఉండదు, నలిగిపోతుంది, నలిగిన గాలి వేడెక్కుతుంది. ఇది చూపించడానికి నేను సైకిల్ పంపు తెప్పిస్తాను. మూతిని బొటనవేలితో గట్టిగా మూసి నాలుగైదు సార్లు కొట్టిస్తే అడుగు భాగం చేతికి వెచ్చగా తగులుతుంది. "లోపల వాషర్ రాసుకుని వేడెక్కింది టీచర్" అని ఒకడు ఎదురు చెప్పాడు. నాకు ఎంత సంతోషమైందో! అయితే పంపు చల్లారనిచ్చి, మూతి తెరిచి, అంతే వేగంతో అన్నే సార్లు కొట్టమన్నాను. వాషర్ అప్పుడూ రాసుకుంది, కానీ పంపు దాదాపు చల్లగానే ఉంది. వాడే తిరిగి చూసి "గాలి తప్పించుకుంది" అన్నాడు. ఆకాశం నుంచి పడే ఉల్కలు మండేది ఎక్కువగా ఇందువల్లే. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 20 మీటర్ల లోపు రాయి ఒకటి సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాల్లోనే పేలిపోతే, ఊరంతా కిటికీ అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. తాత వేగం దానికి 90 రెట్లు. ఆ వేగంతో నేలకు దగ్గరగా ఎగిరితే, బండి ముందు భాగంలో ప్రతి చదరపు మీటరు మీద పడే శక్తి, భూమి మొత్తం మీద పడే ఎండ శక్తికి సుమారు పదహారు రెట్లు వస్తుంది.

సంచి బరువు త్వరగా ముగిద్దాం. బహుమతి అర కిలో అయితే 200 కోట్ల బహుమతులకు 10 లక్షల టన్నులు. మిర్యాలగూడ నుంచి బియ్యం మోసే గూడ్స్ రైళ్లు నాలుగు వందలకు దగ్గర కావాలి. రెయిన్‌డీర్ల గురించి ఒక్క మాట చెప్పండి, ఆడపిల్లలు ఉంటే ఇంకా తప్పకుండా చెప్పండి. వాటిలో పెద్ద మగవి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయి. ఆడవి వసంతం దాకా ఉంచుకుంటాయి. కాబట్టి బొమ్మల్లో కొమ్ములతో తాత బండి లాగేవి చాలావరకు ఆడవే అయ్యుండాలి.

"మరి కాదా టీచర్?" అని అప్పుడు పిల్లలు నిరాశగా అడుగుతారు. ఆ క్షణంలో పుస్తకం మూసేయకండి. ఏ మెట్టు దగ్గర లెక్క విరిగిందో వెనక్కి పోయి వెతికించండి. విరిగింది ఆగడం దగ్గర, 100 కోట్ల సార్లు ఒక్కడే ఆగడం దగ్గర. అంటే "ఒక్కడే" అనే మాట తీసేస్తే?

మాది క్రైస్తవ కుటుంబం. డిసెంబర్ వచ్చిందంటే మా చర్చి యూత్‌తో రాత్రిళ్లు క్యారల్స్‌కు పోతాను. ట్రాలీ ఆటోకు సీరియల్ లైట్లు, ఒక స్పీకరు, డోలక్, కంజర. మా తమ్ముడే క్రిస్మస్ తాత. ఎర్ర గౌను, పొట్టకు కట్టుకున్న దిండు, దూది గడ్డం. పాట పాడాలని నోరు తెరిస్తే దూది నోట్లోకి పోతుంది. చలిలో కూడా చెమటతో వీపు తడిసిపోతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆటో పోవడానికి అర నిమిషం కూడా పట్టదు. కానీ ఇంటి ముందు నక్షత్రం కింద నిలబడ్డాక పాట, చిన్న ప్రార్థన, ముసలవ్వలతో నాలుగు మాటలు, తల్లి కొంగు వెనక దాక్కున్న చంటిదాన్ని బుజ్జగించి చేతిలో చాక్లెట్ పెట్టడం, వద్దన్నా ఇచ్చే చాయ్. అయిదు నిమిషాలకు తక్కువ ఎక్కడా కాదు. తాత వస్తున్నాడని పక్క వీధి పిల్లలు ముందే పరిగెత్తుకొచ్చేస్తారు. వాళ్లలో నా క్లాసు పిల్లలూ ఉంటారు, అన్ని మతాల వాళ్లూ ఉంటారు.

ఆ అయిదు నిమిషాలనే క్లాసులో లెక్కలో పెట్టాం. ఎనిమిది గంటల్లో ఇంటికి అయిదు నిమిషాల చొప్పున ఒక తాత 96 ఇళ్లు తిరుగుతాడు. నూరు అనుకుందాం. 100 కోట్ల ఇళ్లకు కోటి మంది తాతలు కావాలి. కోటి అంటే పెద్ద అంకెలా వినిపిస్తుంది, కానీ ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 800 మందికి ఒక్కరు చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి నల్లగొండ జిల్లాలో 16 లక్షల పైచిలుకు మంది ఉన్నారు. అంటే మా జిల్లాకు రెండు వేల మంది తాతలు. ప్రతి ఊరి చర్చి నుంచి ఒక ట్రాలీ ఆటో బయలుదేరితే, ఊరికి ఇద్దరు ముగ్గురు కలిసొస్తే, ఆ అంకె దూరమేమీ కాదు. త్వరణం సున్నాకు దగ్గర, గాలి మండదు, 20 టీఎంసీల బరువు ఎవరి మీదా పడదు. 580 కోట్ల రెట్లు అనే అంకె బోర్డు మీద ఇంకా చెరపకుండా ఉండగానే పక్కన "5 నిమిషాలు" అని రాసి లెక్క ముగించడం నాకు చాలా ఇష్టమైన పని.

మీ బాబుతో మొదలుపెట్టడానికి ఒక చిన్న పని చెబుతాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నాలుగు చాక్లెట్లు ఇచ్చి, మీ వీధిలో తెలిసిన నాలుగిళ్లకు వెళ్లి ఇచ్చి రమ్మనండి. నడవడానికి పట్టిన టైమ్ ఒక వరుసలో, తలుపు దగ్గర పట్టిన టైమ్ ఇంకో వరుసలో మీరు రాయండి. కూడి, నాలుగుతో భాగించి, ఒక రాత్రిలో ఎన్ని ఇళ్లు అవుతాయో వాడినే కట్టమనండి. దాన్ని బట్టి మహబూబ్‌నగర్ టౌన్‌కు ఎంతమంది తాతలు కావాలో వస్తుంది. అపార్టుమెంట్లలో లిఫ్ట్ కోసం ఆగే టైమ్ తలుపు వరుసలో వేయాలా, నడక వరుసలో వేయాలా అని వాడు అడిగితే, వాడికి ఏది సరి అనిపిస్తే అందులో వేయనివ్వండి, ఎందుకో మాత్రం పక్కన రాయించండి. మీకు వచ్చిన అంకెలు ఇక్కడ పెడితే మా పిల్లలకు చూపిస్తాను.